సైనిక భర్తీలో శరీర బరువు: మదనపల్లె, తంబళ్లపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతం

సైన్యంలో చేరడానికి వచ్చినవాడు తన ఎత్తుకూ వయసుకూ తగినంత బరువు ఉన్నాడా లేదా అని చూడడం భర్తీ ప్రక్రియలో చాలా చిన్న భాగం. పరుగుకు అయిదున్నర నిమిషాలు పడితే తూకానికి అయిదు సెకన్లు పట్టదు. అయినా నెలల తరబడి తెల్లవారుజామున లేచి పరుగెత్తిన కుర్రాళ్లు కొందరు ఆ అయిదు సెకన్ల దగ్గరే వెనక్కి తిరుగుతారు. పరుగు తన చేతిలో ఉందనీ, బరువు మాత్రం దేవుడు పెట్టిన లెక్క అనీ అనుకోవడమే ఇందుకు పెద్ద కారణం. నిజానికి ఈ పరీక్షలో ముందుగా తెలుసుకుని, ముందుగా సరిచేసుకోగలిగిన అంశం ఏదైనా ఉందంటే అది బరువే. ఎత్తు పెరగదు, చదునుపాదం మారదు, మోకాళ్లు తగిలే కాళ్లు అంత తేలిగ్గా చక్కబడవు. బరువు మారుతుంది.

పాత చిత్తూరు జిల్లా పడమటి మెట్ట సీమలో ఈ విషయానికి ప్రత్యేకమైన పట్టు ఉంది. తంబళ్లపల్లె, ములకలచెరువు, పెద్దమండ్యం, కురబలకోట, బి.కొత్తకోట, పెద్దతిప్పసముద్రం మండలాలు వాన మీద ఆధారపడిన నేలలు. చెనిక్కాయ పంట పోతే బెంగళూరు బస్సు ఎక్కడం ఇక్కడ తరతరాల అలవాటు. అలాంటి చోట నెలజీతం వచ్చే కొలువుల్లో, పెద్ద చదువు అడగనిది, సిఫారసు అడగనిది సైన్యం ఒక్కటే. 2021 డిసెంబరు 8న తమిళనాడులోని కూనూరు దగ్గర హెలికాప్టర్ కూలి త్రిదళాధిపతి జనరల్ బిపిన్ రావత్‌తో పాటు మరణించిన లాన్స్ నాయక్ బి.సాయితేజ కురబలకోట మండలం ఎగువ రేగడ గ్రామం మనిషి. పారా కమాండోగా ఎదిగి రావత్ అంగరక్షక బృందంలో ఉన్నాడు. ఆ వార్త వచ్చిన రోజు దేశమంతా ఈ ఊరి పేరు విన్నది.

అధికారుల స్థాయికి వెళ్లాలనుకునే పిల్లలకు ఇదే సీమలో కలికిరి సైనిక పాఠశాల ఉంది. 2014లో మొదలైంది. కుప్పంలో పరిస్థితి కాస్త వేరు. మూడు రాష్ట్రాలు కలిసే చోట ఉన్న ఊరు, తమిళం, కన్నడం, తెలుగు మూడూ మాట్లాడే ఊరు. బెంగళూరు, చెన్నై దగ్గరే అయినా భర్తీకి సొంత జిల్లా లెక్కే చెల్లుతుంది కాబట్టి కుప్పం కుర్రాడు గుంటూరు సైనిక భర్తీ కార్యాలయం పరిధిలోకి వస్తాడు. రాయలసీమ జిల్లాలన్నీ ఆ కార్యాలయం కిందివే. ర్యాలీ ఏ ఊళ్లో పెడితే ఆ ఊరికి రాత్రంతా ప్రయాణం. ఈ ప్రయాణం సంగతి తూకంతో ముడిపడినదే. కిందికి వచ్చేసరికి తెలుస్తుంది.

తూకం జరిగే తీరు

2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ పథకం తర్వాత భర్తీ వరస మారింది. 2023 నుంచి ముందు ఆన్‌లైన్ రాతపరీక్ష, అందులో ఎంపికైనవాళ్లకే ర్యాలీ, ఆ తర్వాత వైద్య పరీక్ష. అంతకుముందు ర్యాలీ మొదట ఉండేది. వేలమంది మైదానం దగ్గర పడుకుని, అర్ధరాత్రి దాటాక వరసకట్టి లోపలికి వెళ్లేవాళ్లు. ఇప్పుడు జనం తగ్గారు కానీ చీకట్లో లేవడం మాత్రం పోలేదు.

లోపల మొదట ఎత్తు చూస్తారు. తర్వాత 1.6 కిలోమీటర్ల పరుగు, అంటే 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు చుట్లు. అయిదున్నర నిమిషాల్లో ముగించినవాడికి 60 మార్కులు. ఆ వెంటనే బీము, ఊళ్ల భాషలో ‘కడ్డీకి వేలాడేది’. పది పుల్లప్స్ తీస్తే 40 మార్కులు. తొమ్మిది అడుగుల కందకం దూకాలి, వంకర్ల బల్ల మీద పడకుండా నడవాలి. ఇవన్నీ అయ్యాకే ‘కొలతలు’. ఒంటి మీద నిక్కరు తప్ప ఏమీ ఉండదు. ఛాతీకి టేపు చుట్టి ఊపిరి వదిలినప్పుడు ఒకసారి, బిగపట్టినప్పుడు ఒకసారి చూస్తారు. రెండింటికీ కనీసం 5 సెంటీమీటర్ల తేడా రావాలి. ఆ పక్కనే తూకం మిషను.

మిషను ఎక్కిన కుర్రాడిని దగ్గరగా చూస్తే సంగతి అర్థమవుతుంది. మైదానపు మట్టి అంటిన పాదాలు, చెమటకు మెరిసే వీపు. చూపు నేరుగా ముందుకు ఉండాలన్న సంగతి తెలిసినా కళ్లు కిందికే దిగుతాయి. ఎర్ర అంకెలు ఒకటి రెండు మార్లు ఊగి నిలుస్తాయి. రాసుకునే జవాను అంకె పైకి చదువుతాడు. బయటికి వచ్చాక గేటు దగ్గర నిలబడ్డ అన్న అడిగే మొదటి మాట, ‘పరుగు ఎట్లయింది’ అని కాదు, ‘ఎంత తూగినావురా?’ అని. ‘నలభై ఎనిమిదిన్నర అన్నా. ఇంటికాడ నలభై తొమ్మిదిన్నర ఉండ్య.’

ఆ కిలో ఎక్కడికి పోయిందో కుర్రాడికి అర్థం కాదు కానీ, పోవడంలో వింతేమీ లేదు. ముందురోజు సాయంత్రం బస్సెక్కాడు, దారిలో సరిగా తినలేదు, వాంతవుతుందని నీళ్లు తాగలేదు, నిద్రలేదు, నాలుగు చుట్లు పరుగెత్తి చెమట కార్చాడు. ఇంటి దగ్గర తూచుకున్నది రాత్రి అన్నం తిన్నాక, ప్యాంటూ చొక్కా మీద. పైగా ఊళ్లలోని స్ప్రింగు మిషన్లు, బస్టాండుల్లో నాణెం వేస్తే చీటీ ఇచ్చే మిషన్లు ఒకదానికొకటి పొంతన ఉండవు. మదనపల్లె టమాట మండీలో కాటా తేడా వస్తే రైతు ఊరుకోడు, కొడుకు బరువు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏ మిషను ఏం చెప్పినా నమ్మేస్తాడు. తెల్లవారి, కాలకృత్యాలయ్యాక, ఏమీ తినకముందు, నిక్కరు మీద, ఒకే మంచి మిషను మీద వారానికోసారి చూసుకున్న అంకెకే విలువ.

పట్టిక

ఆంధ్రప్రదేశ్ అభ్యర్థులకు సాధారణ విధుల విభాగంలో ఎత్తు 166 సెం.మీ., సాంకేతిక విభాగానికి 165, క్లర్కులకు 162 అని ఇటీవలి నోటిఫికేషన్లు చెబుతున్నాయి. ఛాతీ 77 సెం.మీ. బరువుకు ఒకప్పుడు 50 కిలోలు అని ఒక్క అంకె ఉండేది. ఇప్పుడు ఆ గడిలో ‘ఎత్తుకూ వయసుకూ తగినట్టు, సైనిక వైద్య ప్రమాణాల ప్రకారం’ అన్న మాట మాత్రమే ఉంటోంది. చాలామంది ఈ వాక్యాన్ని ‘బరువు పట్టింపు లేదు’ అని చదువుకుంటున్నారు. అది పొరపాటు. ఒక్క అంకె పోయి దాని చోట పెద్ద పట్టిక వచ్చింది, అంతే.

అధికారుల భర్తీ నోటిఫికేషన్లలో త్రివిధ దళాల పేరుతో అచ్చయ్యే ఆ పట్టిక చూడడానికి భయపెడుతుంది కానీ దాని లోపల ఉన్నది ఒక్క లెక్కే. ఎత్తును మీటర్లలో రాసి, దాన్ని దానితోనే గుణించి, వచ్చినదాన్ని 18తో గుణిస్తే కనీస బరువు. అన్ని వయసులకూ కిందిగీత ఇదే. పైగీత వయసును బట్టి మారుతుంది. 17 నుంచి 20 ఏళ్ల దాకా 22తో, 20 దాటి 30 దాకా 23తో, 30 దాటి 40 దాకా 24తో, ఆపైన 25తో గుణించాలి. ఈ గుణకమే బీఎంఐ.

166 సెం.మీ. కుర్రాడికి లెక్క వేద్దాం. 1.66ను 1.66తో గుణిస్తే 2.7556. దాన్ని 18తో గుణిస్తే 49.6 కిలోలు. పాత నోటిఫికేషన్ల 50 కిలోలు ఎక్కడినుంచి వచ్చిందో ఇక్కడ కనబడుతుంది. 22తో గుణిస్తే 60.6. అంటే 20 ఏళ్లలోపువాడికి ఉన్న సందు 11 కిలోలు. 170 సెం.మీ. ఉంటే 52.0 నుంచి 63.6, 175 ఉంటే 55.1 నుంచి 67.4, 180 ఉంటే 58.3 నుంచి 71.3. ఎత్తు ఉండడం వరమని అందరూ అంటారు. 180 సెం.మీ. బక్కపల్చటి కుర్రాడికి 58.3 దాటడం ఎంత కష్టమో అతణ్ణే అడగాలి.

ఈ పట్టికలో గమనించవలసిన విచిత్రం ఒకటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 18.5 కంటే తక్కువ బీఎంఐ ఉన్నవాడు బరువు చాలనివాడు. 166 సెం.మీ. మనిషికి అది 51 కిలోలు. కాబట్టి 50 కిలోల కుర్రాడు ఆసుపత్రి చార్టులో బక్కవాడు, సైన్యం పట్టికలో యోగ్యుడు. పై వైపు దీనికి తలకిందులు. ఆసియా ప్రజలకు మధుమేహ ప్రమాదం తొందరగా మొదలవుతుందని 2004లో ఆ సంస్థ నిపుణులు సూచించిన కట్టుదిట్టమైన గీత కూడా 23. పందొమ్మిదేళ్లవాడికి సైన్యం 22 దగ్గరే ఆపేస్తుంది. మొత్తం మీద పట్టిక సన్నపువాళ్ల వైపు మొగ్గి ఉంది. వీపు మీద సామాను మోసుకుంటూ కొండలెక్కాల్సిన మనిషికి సొంత బరువు తక్కువుంటే మేలన్నది ఒక కారణం అనుకోవచ్చు. వయసుతో పాటు బరువు ఎటూ పెరుగుతుంది, మొదట్లోనే నిండుగా ఉన్నవాడికి పెరగడానికి చోటు ఉండదన్నది మరొకటి.

ఈ కారణాలు సబబే కానీ, పట్టిక కండకూ కొవ్వుకూ తేడా చూడదు. రెండేళ్లు జిమ్ముకు పోయి ఒళ్లు దిట్టంగా చేసుకున్న 64 కిలోల కుర్రాడు, బేకరీ తిండి తిని పొట్ట పెంచుకున్న 64 కిలోల కుర్రాడు మిషను మీద ఒక్కటే. మినహాయింపు ఉంది. జాతీయ స్థాయిలో కుస్తీ, బాక్సింగ్, బాడీ బిల్డింగ్ ఆడిన రుజువు చూపిస్తే అధిక బరువును పరిశీలిస్తారు. అప్పుడూ బీఎంఐ 27 లోపు, మగవాళ్లకు నడుము చుట్టుకొలత 90 సెం.మీ. లోపు, నడుముకూ తుంటికీ నిష్పత్తి 0.9 లోపు ఉండి, రక్త పరీక్షలన్నీ సవ్యంగా రావాలి. ములకలచెరువు జిమ్ములో డంబెల్సు ఎత్తేవాడికి ఆ జాతీయ స్థాయి కాగితం ఎక్కడిది? వాళ్ల విషయంలో ఈ నిబంధన బిగువుగానే ఉంది. మాజీ సైనికుల కొడుకులకు ఎత్తులో 2 సెం.మీ., ఛాతీలో 1 సెం.మీ., బరువులో 2 కిలోల సడలింపు ర్యాలీ నోటిఫికేషన్లలో చాలాకాలంగా కనబడుతోంది.

పక్కనున్న కొలువులతో పోల్చితే సైన్యం స్థానం తెలుస్తుంది. రాష్ట్ర పోలీసు కానిస్టేబుల్‌కు మగవాళ్ల ఎత్తు 167.6 సెం.మీ., ఛాతీ 86.3. బరువు అడగరు. ఆడవాళ్లకు ఎత్తు 152.5 సెం.మీ.తో పాటు 40 కిలోల బరువు ఉండాలి. కేంద్ర సాయుధ పోలీసు దళాలకు మగవాళ్ల ఎత్తు సాధారణంగా 170. ఆ లెక్కన 166 సెం.మీ. కుర్రాడికి తెరిచి ఉన్న తలుపు సైన్యమే.

ఈ కొలతలు ఎక్కడినుంచి వచ్చాయి

ఎత్తుతో బరువును సరిపోల్చే సూత్రం బెల్జియం గణిత శాస్త్రవేత్త అడాల్ఫ్ క్వెట్లే 1830ల్లో చెప్పినది. రోగుల కోసం కాదు, ‘సగటు మనిషి’ ఎలా ఉంటాడో తెలుసుకోవడానికి. దానికి బాడీ మాస్ ఇండెక్స్ అన్న పేరు 1972లో అమెరికన్ పరిశోధకుడు ఆన్సెల్ కీస్ పెట్టాడు. నేరుగా సైన్యం కోసం పుట్టిన కొలత వేరే ఉంది. ఫ్రెంచి సైనిక వైద్యుడు పిన్యే 1901లో చెప్పిన సూచిక అది. సెంటీమీటర్లలో ఎత్తు నుంచి, కిలోల్లో బరువునూ సెంటీమీటర్లలో ఛాతీనీ కలిపి తీసేయడమే. 10 లోపు వస్తే మహా దిట్టం, 25 దాటితే బలహీనం, 35 దాటితే లెక్కలోకి రాడు. మన పాత నోటిఫికేషన్లు అడిగిన కనీసాలను ఇందులో వేసి చూస్తే 166 లోంచి 50, 77 పోగా మిగిలేది 39. పిన్యే దొర గేటు దగ్గరే పంపించేసేవాడు. ఒక దేశపు ఒళ్లు చూసి రాసిన కొలత ఇంకో దేశానికి నప్పదు.

కొలతల వెనుక నమ్మకాలు కూడా ఉంటాయి. పద్దెనిమిదో శతాబ్దంలో ఉత్తరాదిన కుంపిణీ సిపాయిని ‘తిలంగా’ అనేవాళ్లు. తెలుగు సిపాయిల వల్ల వచ్చిన పేరది. వందేళ్లు తిరిగేసరికి గాలి మారింది. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సేనాధిపతిగా ఉన్న ఫ్రెడరిక్ రాబర్ట్స్ దక్షిణాది సిపాయికి యుద్ధ పౌరుషం చచ్చిపోయిందని తేల్చాడు. తర్వాత భారత సేనాధిపతి అయ్యాక ‘యుద్ధ జాతుల’ సిద్ధాంతానికి పెద్ద దిక్కు అతడే. పంజాబీలు, గూర్ఖాలు, పఠాన్లు పైకి వచ్చారు, తెలుగువాళ్ల భర్తీ కుంచించుకుపోయింది. రెండు ప్రపంచ యుద్ధాలప్పుడు మనుషులు చాలక మళ్లీ తలుపులు తెరిచారు. పశ్చిమ గోదావరిలోని మాధవరం ‘మిలిటరీ మాధవరం’ అయింది ఆ యుద్ధాల పుణ్యమే.

రాబర్ట్స్ మద్రాసుకు రావడానికి కొన్నేళ్ల ముందు ఈ సీమ ఏ స్థితిలో ఉందో కూడా చెప్పుకోవాలి. మదనపల్లె అప్పట్లో కడప జిల్లాలో భాగం. పుంగనూరు జమీ, కుప్పం ఉత్తర ఆర్కాటులో. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఇవన్నీ ఒక్కచోటికి వచ్చాయి. 1876-78 కరువులో సహాయ పనులకు వచ్చిన కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కాస్త చిల్లర చాలునని బ్రిటిష్ అధికారి సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో లెక్క కట్టాడు. పౌను అంటే 450 గ్రాములు. పనిచేసే మనిషికి అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. ఆ తిండితో బతికి బట్టకట్టిన తరం పిల్లలను చూసి, వీళ్లు యుద్ధానికి పనికిరారని తీర్పు చెప్పడం దొరలకే చెల్లింది.

ఇంగ్లండుకు ఇదే అనుభవం సొంత గడ్డ మీద ఎదురైంది. దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధానికి ముందుకొచ్చిన పట్టణ కూలీల్లో చాలామందిని వైద్యులు తిప్పి పంపారు. దేశం జంకింది. శారీరక క్షీణత మీద వేసిన సంఘం 1904లో నివేదిక ఇచ్చింది. 1906లో బడిపిల్లలకు భోజనం పెట్టే చట్టం వచ్చింది. అమెరికాలోనూ రెండో ప్రపంచ యుద్ధం నాటి తిరస్కారాలే 1946 బడి భోజనాల చట్టానికి ఒక కారణం. సైన్యం తూకం మిషను బడి వంటగదిని కదిలించడం అక్కడ రెండుసార్లు జరిగింది. ఆంధ్రప్రదేశ్ మధ్యాహ్న భోజనంలో ఇప్పుడున్న గుడ్డు, చెనిక్కాయల చిక్కీ, రాగిజావ ఏ యుద్ధం వల్లా వచ్చినవి కావు. కానీ తంబళ్లపల్లె కుర్రాడి బరువు సంగతిలో అవి చేసే మేలు ఏ కోచింగ్ సెంటరూ చేయలేదు.

తిండి, పరుగు

బరువు చాలని కుర్రాళ్లలో ఎక్కువమందికి రోగమేమీ ఉండదు. ఖర్చుకు తగిన జమ ఉండదు, అంతే. మనిషి కిలోమీటరు పరుగెత్తితే ఒంటి బరువులో ప్రతి కిలోకీ సుమారు ఒక క్యాలరీ ఖర్చవుతుంది. 50 కిలోల కుర్రాడు రోజూ పది కిలోమీటర్లు కొడితే 500 క్యాలరీలు పోయినట్టు. ఖాళీ కడుపున పరుగెత్తి, వచ్చి టీ తాగి, మధ్యాహ్నం దాకా టమాట తోటలో పనిచేసి, ఆ తర్వాత ఒక ముద్ద తింటే బరువు ఎక్కడినుంచి వస్తుంది? కసరత్తు ఎంత చేస్తే అంత మంచిదన్న నమ్మకమే వీళ్లను సన్నబరుస్తోంది.

కిలో బరువు పెరగడానికి గానీ తగ్గడానికి గానీ సుమారు 7,700 క్యాలరీల తేడా కావాలని స్థూలంగా లెక్క. రోజుకు 500 ఎక్కువ తింటే వారానికి దాదాపు అరకిలో. ఈ 500 కోసం పట్నం డబ్బాల పొడి అక్కర్లేదు. వంద గ్రాముల చెనిక్కాయ విత్తనాల్లో 560 క్యాలరీల పైచిలుకు, 25 గ్రాముల ప్రోటీను ఉంటాయి. యాభై గ్రాములు, అంటే ఒక మంచి గుప్పెడు, రెండు గ్లాసుల పాలు కలిస్తే 500 దాటుతుంది. సంగటి ముద్దకు తోడు ఊరిబిండి తినే సీమ ఇది. చెనిక్కాయ, మిరపకాయ, చింతపండు కలిపి నూరిన ఆ ఊరిబిండిలో మిరపకాయ తగ్గించి చెనిక్కాయ పెంచితే సగం పని అయిపోతుంది. రాగిలో వంద గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. ఎముకకు మంచిది. కానీ ప్రోటీను 7 గ్రాములే కాబట్టి సంగటి పక్కన పప్పో, ఉలవలో, గుడ్డో ఉండాల్సిందే. పుంగనూరు ఆవు మూడడుగుల ఎత్తు కూడా ఉండదు, దాని పాలలో వెన్న మాత్రం పెద్ద ఆవుల కంటే ఎక్కువ. సైన్యం ఆ ఆవును ఎత్తు దగ్గరే ఆపేసేది.

బాగా తింటున్నా బరువు పెరగకపోతే, లేదా కారణం లేకుండా తగ్గుతుంటే అప్పుడు వైద్యుణ్ణి చూడాలి. కడుపులో నులిపురుగులు, రక్తహీనత, థైరాయిడ్, చిన్నవయసు మధుమేహం, అన్నిటికంటే ముఖ్యంగా క్షయ. ఈ చివరిదాని సంగతి మదనపల్లెకు తెలిసినంతగా ఇంకో ఊరికి తెలియదు. ఊరి బయట ఆరోగ్యవరంలోని క్షయ శానిటోరియం 1912లో నెలకొన్నది. మందులు లేని ఆ రోజుల్లో శానిటోరియాల్లో రోగి కోలుకుంటున్నాడా లేదా అనడానికి పెద్ద ఆధారం తూకమే. పొడిగాలి, విశ్రాంతి, మంచి తిండి పెట్టి, బరువు పెరిగితే ఊపిరి పీల్చుకునేవాళ్లు. అందుకే సైనిక వైద్యుడు బక్క కుర్రాణ్ణి చూసినప్పుడు అంకెతో ఆగడు, దగ్గు, జ్వరం, పాత జబ్బులూ అడుగుతాడు.

అధిక బరువు ఈ పల్లెల్లో కొత్త సమస్య. మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాల్లో ఇంటర్ దాకా హాస్టల్లో కూర్చుని చదివి, తర్వాత భర్తీ మీద మనసుపడ్డవాళ్లు ఎక్కువగా పైగీత దగ్గర ఆగుతున్నారు. వారానికి అరకిలో నుంచి కిలో దాకా తగ్గడం క్షేమం. నోటిఫికేషన్ పడిన రోజు మొదలుపెడితే సరిపోతుంది, ర్యాలీ వారం మొదలుపెడితే కుదరదు.

అరటిపళ్లు, నీళ్లు, సూదిమందు

ర్యాలీ మైదానాల చుట్టూ అరటి తొక్కలు పడి ఉండడం చూసినవాళ్లకు కారణం చెప్పనక్కర్లేదు. అరకిలో, కిలో తక్కువైనవాళ్లు డజను అరటిపళ్లు మింగి రెండు లీటర్ల నీళ్లు తాగి మిషను ఎక్కుతారు. లీటరు నీళ్లంటే కిలో బరువు, లెక్క నిజమే. అయితే తూకం పరుగు తర్వాత వస్తుంది. కడుపు నిండా నీళ్లతో 1.6 కిలోమీటర్లు పరుగెత్తేవాడు దారిలో కక్కుతాడు, లేదా చివరి చుట్టులో డొక్క పట్టుకుని నిలబడిపోతాడు. బరువు నిలిచి మార్కులు పోతాయి. ఒక్కసారిగా అతిగా నీళ్లు తాగితే రక్తంలో ఉప్పు పలచబడి స్పృహ తప్పే ప్రమాదమూ ఉంది.

ఎక్కువ బరువువాళ్ల అడ్డదారులు ఇంకా చెడ్డవి. రెండు రోజులు నీళ్లు మానడం, ప్లాస్టిక్ కోటు తొడుక్కుని ఎండలో పరుగెత్తడం, మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వేసుకోవడం. ఆ మాత్రలతో ఒంట్లో పొటాషియం పడిపోతుంది, కండరాలు పట్టేస్తాయి, గుండె లయ తప్పవచ్చు. కండ పెరగడానికంటూ వేసే స్టెరాయిడ్ సూదిమందుల సంగతి చెప్పనే అక్కర్లేదు. సత్తువ పెంచే మందులు వాడినట్టు తేలితే అనర్హులని సైన్యం నోటిఫికేషన్లలోనే రాస్తోంది.

దక్షిణ కొరియాలో కథ అడ్డం తిరుగుతుంది. అక్కడ సైనిక సేవ తప్పనిసరి. బరువు గీత దాటితే కఠిన విధుల నుంచి తప్పించుకోవచ్చని కావాలని లావెక్కిన, చిక్కిపోయిన కుర్రాళ్లను కోర్టులు శిక్షించిన సందర్భాలున్నాయి. అమెరికాలో మనుషులు దొరక్క, కొవ్వు కాస్త ఎక్కువున్నవాళ్లను 2022 నుంచి ఫోర్ట్ జాక్సన్‌లో 90 రోజుల దాకా ఉంచి, సన్నబరిచి మరీ చేర్చుకుంటున్నారు. మన దగ్గర అలాంటి ఏర్పాటు లేదు. ఒకడు తప్పుకుంటే వెనక వందమంది నిలబడి ఉన్నారు.

తిరస్కారం తర్వాత

వైద్య పరీక్షలో ‘అన్‌ఫిట్’ అన్న మాట వినగానే కుర్రాళ్లు బ్యాగు సర్దుకుని బస్సెక్కేస్తారు. ఆ మాటలో రెండు రకాలున్నాయి. సరిచేయలేని లోపమైతే శాశ్వతం. బరువు, చెవిలో గులిమి, చిన్న చర్మవ్యాధి లాంటివి తాత్కాలికం. అగ్నిపథ్ కింద చేరే అగ్నివీరులకు రివ్యూ, అంటే మళ్లీ చేసే వైద్య పరీక్ష, గడువు రోజుల్లోనే ఉంటుంది కాబట్టి, అయిదారు కిలోల తేడాతో వచ్చినవాడికి అది అక్కరకు రాదు. కిలో, కిలోన్నర తేడా ఉన్నవాడికి వస్తుంది. అధికారుల భర్తీలో అప్పీలు వైద్య బోర్డుకు 42 రోజుల దాకా వ్యవధి ఉంది. వారానికి అరకిలో చొప్పున చూసినా మూడు కిలోలు అటో ఇటో జరపడానికి ఆరు వారాలు చాలు. ఎన్‌డీఏ (జాతీయ రక్షణ అకాడమీ) పరీక్ష రాసే కలికిరి పిల్లలకు ఉన్న ఈ వెసులుబాటు కురబలకోట కుర్రాడికి లేకపోవడం న్యాయంగా కనిపించదు. ఆకలి ఎక్కువున్న ఇంటి నుంచి వచ్చినవాడికే గడువు తక్కువ దొరుకుతోంది.

రివ్యూలో పాసు చేయిస్తామని, బరువు ‘రాయిస్తామని’ గేటు బయట డబ్బులు అడిగేవాళ్లు ప్రతి ర్యాలీలోనూ తయారవుతారు. అక్కడ రాసే జవానుకూ వీళ్లకూ ఏ సంబంధం ఉండదు. పదిమంది దగ్గర తీసుకుని, తమంతట తాము నెగ్గిన ఇద్దరి డబ్బు ఉంచుకుని మిగతావాళ్లకు మొహం చాటేయడమే వాళ్ల వ్యాపారం.

ర్యాలీలో అన్‌ఫిట్ చీటీ చేతికొస్తే చింపి పారేయకండి. ఎందుకు ఆపారో, ఏ సైనిక ఆసుపత్రికి, ఏ తేదీలోపు వెళ్లాలో దాని మీదే రాసి ఉంటుంది.